మూడెకరాల జొన్న, ఒక అర్జీ

సోమవారం వచ్చిందంటే సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి. రాయికోడ్, న్యాల్‌కల్, ఝరాసంగం, జహీరాబాద్ మండలాల నుంచి వచ్చినవాళ్లు మడతపెట్టిన కాగితాలు చేతపట్టుకుని వరుసలో నిలబడతారు. ఆ కాగితాల్లో చాలావాటి నడక ఒకటే. పైన కలెక్టరు గారికి నమస్కారం, కింద పేజీ నిండా కష్టం, ఆఖరున ఒక్క వాక్యం: తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన. కష్టం ఎంత వివరంగా ఉంటుందో, అది తీరే దారి అంత పొట్టిగా ఉంటుంది. ఏ చర్య, ఎవరు తీసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది, ఎప్పటిలోగా అన్నవన్నీ అధికారి ఊహకే వదిలేసి అర్జీదారు ఇంటిదారి పడతాడు.

బడి పిల్లల వ్యాసానిదీ అదే తీరు. నీటి ఎద్దడి మీదో, ప్లాస్టిక్ మీదో రాయమంటే రెండు పేజీలు సమస్య, మూడు వాక్యాలు పరిష్కారం. ఆ మూడు కూడా ముందే తెలిసినవి: ప్రభుత్వం నడుం బిగించాలి, ప్రజలు సహకరించాలి, యువత ముందుకు రావాలి. మార్కులు పడవచ్చు గాని ఆ వ్యాసం చదివి ఎవరూ కుర్చీలోంచి లేవరు.

పరిష్కారం చెప్పి ఒప్పించే రాత వేరే రకం పని. దాన్ని నేర్చుకోవడానికి రాయికోడ్ పిల్లలు దూరం వెళ్లనక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, అందులో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, గత నలభై ఏళ్లలో ఢిల్లీ దాకా వినిపించిన వాదనలు రెండు కట్టారు. ఒకటి జొన్న గురించి, ఒకటి రేడియో గురించి. కలంతో మొదలైనవి కావవి. అయినా వాటిని విప్పి చూస్తే, మంచి వ్యాసానికి ఉండాల్సిన ఎముకలన్నీ వాటిలో కనిపిస్తాయి.

జహీరాబాద్ ప్రాంతంలో నల్లరేగడి ఉంది, ఎర్రనేల ఉంది, నీళ్లే తక్కువ. పక్కనే మంజీర పారుతున్నా చాలా చేలు వాన మీద ఆధారపడ్డవే. ఇక్కడి తిండి తరతరాలుగా జొన్న. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలితో ఉన్న ఇళ్లకు అది పెద్ద అండ, అందులో సందేహం లేదు. కానీ మెట్ట ప్రాంతంలో ఇంకొకటి కూడా జరిగింది. దుకాణంలో బియ్యం అంత చవగ్గా దొరుకుతుంటే, రాళ్ల నేలలో జొన్న వేసి చెమటోడ్చడం దేనికి అనిపించింది. చిన్న కమతాలు పడావు పడ్డాయి. భూమి ఉన్నవాళ్లు కూడా కూలీలయ్యారు.

అదే 1983లో జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ దాని స్థాపకుల్లో ఒకరు. 2023 మార్చిలో చనిపోయేదాకా ఆయన ఈ నేలతోనే ఉన్నారు. ఊరూరా దళిత మహిళలతో సంఘాలు ఏర్పడ్డాయి. రేషన్ దుకాణం గురించి ఆ సంఘాలు అడిగిన ప్రశ్న ఎంత సూటిగా ఉందో చూడండి: మా తిండి మా చేలో పండుతుంటే, ఎక్కడో పండిన బియ్యం లారీల్లో ఎందుకు రావాలి?

ఈ ప్రశ్నలోనే మొదటి పాఠం ఉంది. "పేదరికం" అని వాళ్లు అనలేదు. పేదరికం అంటే ఎంత రాసినా ఒడ్డు దొరకదు. ఫలానా గింజ, ఫలానా దుకాణం, ఫలానా చేను అన్నారు. సమస్యను చేతికి అందేంత చిన్నది చేసుకున్నాకే పరిష్కారం కనబడుతుంది.

తర్వాత వాళ్లు అడగడం ఆపి చేసి చూపించారు. 1990ల మధ్యలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో, సుమారు ముప్ఫై ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని దున్నించారు. సాగుకు సంఘం అప్పిచ్చింది. ఆ అప్పును రైతులు డబ్బుతో కాక జొన్నలతో, కొన్నేళ్ల పాటు కొంచెం కొంచెంగా తీర్చారు. అలా వచ్చిన గింజలు ఊళ్లోనే గాదెకు చేరాయి, కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు వెళ్లాయి. ఎవరు పేదలో తేల్చింది కూడా ఊరే. నేల మీద ముగ్గులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చూపించి, అందరి ఎదుట లెక్క తేల్చారు. పండించేది ఊరు, దాచేది ఊరు, పంచేది ఊరు.

అప్పటినుంచి వాళ్ల మాటకు బరువు పెరిగింది. "రేషన్‌లో చిరుధాన్యాలు పెట్టండి" అని ఎవరైనా అనగలరు. "పెడితే ఎలా నడుస్తుందో మా ఊళ్లో నడిపాం, వచ్చి చూడండి" అనగలిగేవాళ్లు కొందరే. సతీష్ సమన్వయకర్తగా పనిచేసిన మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఈ అనుభవాన్ని పట్టుకునే ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలు ఉండాలని పట్టుబట్టింది. 2013లో ఆ చట్టం వచ్చినప్పుడు బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, వాటి పక్కనే చిరుధాన్యాలు 1 రూపాయి అని రాసి ఉంది. ఆ ఒక్క మాట కోసం కొట్లాడినవాళ్లు దేశమంతటా చాలామంది. జహీరాబాద్ సంఘాలు వాళ్లలో ముందు వరుసలో ఉన్నాయి. 2018లో కేంద్రం జొన్న, సజ్జ, రాగి వంటివాటిని పోషక ధాన్యాలుగా గెజిట్‌లో ప్రకటించింది. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

రేడియో కథ ఇంకా ఎక్కువగా రాతకు సంబంధించింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. తీర్పైతే వచ్చింది గాని పల్లె జనం సొంతంగా రేడియో పెట్టుకోవడానికి దారి మాత్రం తెరుచుకోలేదు. ఇదే ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో యునెస్కో సాయంతో 1998 నాటికే సొసైటీ స్టూడియో సిద్ధమైంది. నర్సమ్మ అనే పేరున్న ఇద్దరమ్మాయిలు, జనరల్ నర్సమ్మ, అల్గోలె నర్సమ్మ, ఆ స్టూడియోను నడిపారు. లైసెన్సు లేదు కాబట్టి రికార్డు చేసిన క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వేసి వినిపించేవాళ్లు. ఇలా ఒక ఏడాది కాదు, దాదాపు పదేళ్లు.

2000 జులైలో హైదరాబాద్, పస్తాపూర్‌లలో జనం రేడియో మీద ఒక సదస్సు జరిగింది. దాని చివర ఒక పత్రం వెలువడింది, పేరు పస్తాపూర్ ఇనీషియేటివ్. ఒప్పించే రాత ఎలా ఉండాలో అడిగేవాళ్లకు ఈ పత్రాన్ని చూపించవచ్చు. ప్రసార రంగాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం నుంచి విడిపిస్తామని సర్కారే అంటోంది కదా, ఆ మాటను చివరిదాకా తీసుకెళ్లండి, ప్రైవేటు కంపెనీలకే కాక జన సమూహాలకూ చోటివ్వండి అన్నది దాని సారం. మూడంచెలు ఉండాలంది: ప్రభుత్వ రేడియో, వాణిజ్య రేడియో, లాభం చూడని జనం రేడియో. అంటే కొత్త సిద్ధాంతమేదీ తెచ్చి ప్రభుత్వం నెత్తిన పెట్టలేదు. ప్రభుత్వం ఒప్పుకున్న మాటనే పునాది చేసుకుని దాని మీద మూడో గది కట్టమంది.

2002 చివర ప్రభుత్వం కొంత తలుపు తెరిచింది, అదీ విద్యాసంస్థలకే. మాచ్‌నూర్ వాళ్లకు అప్పుడూ దక్కలేదు. 2006 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు స్వచ్ఛంద సంస్థలకూ వీలు కల్పించాయి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ఆ రోజు దాన్ని ప్రారంభించింది 1995 తీర్పు రాసిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. తీర్పు నుంచి మాచ్‌నూర్ దాకా పదమూడేళ్లు పట్టింది. అందులో చివరి పదేళ్లూ క్యాసెట్లు రికార్డవుతూనే ఉన్నాయి. రేపు లైసెన్సు ఇస్తే ఏం ప్రసారం చేస్తారని అడిగేవాళ్లకు జవాబు స్టూడియో అలమారాలో వరుసగా పేర్చి ఉంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. తెలుగువాళ్లకు ఈ ఒప్పించే విద్య జహీరాబాద్‌తో మొదలైంది కాదు. కందుకూరి వీరేశలింగం 1879లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇచ్చినప్పుడు, కన్నీళ్లు పెట్టించే కథలు ఆయన దగ్గర కొల్లలుగా ఉండి ఉంటాయి. అయినా ఆయన ఎదుటివాళ్లు నమ్మే శాస్త్రాలనే తెరిచాడు. శాస్త్రం ఒప్పుకోదు అనేవాడికి శాస్త్రంలోనే చోటు చూపిస్తే వాడి కాళ్ల కింద నేల కదులుతుంది. పండితులు ఖండించారు. ఆయన మళ్లీ ఉపన్యాసం ఇచ్చి ఒక్కో ఆక్షేపణకూ జవాబు చెప్పాడు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి చేసి చూపించాడు. మాట, ఆక్షేపణకు జవాబు, చేత: ఈ మూడూ రెండున్నరేళ్ల లోపే.

ఇంకా వెనక్కి వెళితే మీమాంసకుల పద్ధతి ఉంది. వాళ్లు ఒక చర్చను విషయం, సంశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, నిర్ణయం అని ఐదు మెట్లు కట్టారు. ఇందులో మూడో మెట్టు గొప్పది. అవతలివాడి వాదాన్ని వాడి కంటే బలంగా చెప్పి, ఆ తర్వాతే మన మాట చెప్పాలి. నేటి వ్యాసాల్లో కనిపించకుండా పోయిన మెట్టు ఇదే. పిల్లలకు అనుకూల అంశాలు రాయడం నేర్పుతున్నాం, ఆక్షేపణను గౌరవించడం నేర్పడం లేదు.

2001 జూన్ చివరి వారంలో జహీరాబాద్ ప్రాంతంలో జరిగిన "ప్రజాతీర్పు" ఇంచుమించు ఈ మెట్టు మీదే నిలబడింది. రాష్ట్రంలోని చిన్న, సన్నకారు రైతులను, ఎక్కువమంది ఆడవాళ్లను, సాగు ఏ దారిన పోవాలో తేల్చే న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టారు. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న అప్పటి రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక, విజన్ 2020, ఒక దారి. ఎగుమతుల కోసం సేంద్రియ సాగు ఇంకో దారి. ఊళ్లు సొంతకాళ్ల మీద నిలబడే సాగు మూడోది. మూడింటినీ విని, సాక్షులను ప్రశ్నించి, వాళ్లు తమ సొంత తీర్పు కట్టుకున్నారు. నేల, విత్తనం, నీళ్లు ఊరి చేతిలో ఉండాలన్నారు. ఆ తీర్పు నివేదిక బ్రిటన్ దాకా వెళ్లి అక్కడ వివాదమైంది, ఎందుకంటే రాష్ట్రానికి సాయం చేస్తున్న దేశాల్లో అదొకటి. సాక్ష్యాలు సమానంగా వినిపించారా అని విమర్శకులు నిలదీశారు. ఆ విమర్శలోనూ నేర్చుకోవాల్సింది ఉంది. పోటీ పరిష్కారాలను పక్కన పెట్టి చూపించినప్పుడు, వాటిని సరిగ్గా చూపించామా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ముందే కాచుకుని ఉండాలి.

ఇక రాయికోడ్ బడి పిల్ల కలం పడితే ఎలా ఉంటుందో చూద్దాం. విషయం దగ్గర్లోదే తీసుకోవాలి. తెలంగాణలో రేషన్ అంటే ఇప్పటికీ బియ్యమే. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. చట్టంలో చోటు దొరికిన జొన్న దుకాణానికి ఇంకా చేరలేదు. రాష్ట్రం మొత్తాన్ని మార్చమని పదో తరగతి పిల్ల రాస్తే అది కోరికగానే మిగులుతుంది. తన బడి మధ్యాహ్న భోజనంలో వారానికొక రోజు జొన్న పెట్టమని రాస్తే అది ప్రతిపాదన అవుతుంది.

ఎందుకు జొన్న? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. పీచు జొన్నలో 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. రక్తహీనతతో తల తిరిగి కూర్చునే ఆడపిల్లలున్న తరగతి గదిలో ఆ ఇనుము అంకెలు రెండూ చాలు, పెద్ద మాటలు అక్కర్లేదు.

అసలు లెక్క ఆ తర్వాతది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది చదివేవాళ్లకు 150 గ్రాముల ధాన్యం ఇవ్వాలని నియమం. బడిలో ఆ వందమంది, ఈ వందమంది ఉన్నారనుకుంటే రోజుకు పాతిక కిలోలు. ఏడాదిలో నలభై వారాలకు వెయ్యి కిలోలు, అంటే పది క్వింటాళ్లు. వానాధారంగా ఎకరాకు నాలుగు క్వింటాళ్లే పండినా మూడెకరాలు చాలు. 2025–26కు హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. పది క్వింటాళ్లకు 36,990. పిల్లకు ఏడాదికి 185 రూపాయలు. గిర్ని కూలీ, బండి ఖర్చు దీనికి అదనం.

ఇంతవరకూ చదివిన ప్రధానోపాధ్యాయుడికి ఒక విషయం అర్థమవుతుంది. ఈ పిల్ల ఆకాశం అడగడం లేదు, మూడెకరాలు అడుగుతోంది.

ఇప్పుడు పూర్వపక్షం. వంట చేసే అక్క మొదట అంటుంది: "ముగ్గురం ఉన్నం బిడ్డా, రెండు వందల మందికి రొట్టెలు ఎవరు కొట్టాలె?" ఈ ఆక్షేపణ నూటికి నూరుపాళ్లు నిజం. జొన్న రొట్టె ఒక్కోటి అరచేత్తో కొట్టి పెనం మీద కాల్చాలి. రెండు వందలంటే పొద్దు గూకుతుంది. దీనికి జవాబు దబాయింపు కాదు, పరిష్కారాన్నే మార్చుకోవడం. రొట్టె బదులు గటక. జొన్నలు గిర్నిలో రవ్వ పట్టించి, పెద్ద గిన్నెలో ఎసరు మరిగించి పోస్తే అన్నం వండినంత పనే. పప్పుతోనో మజ్జిగతోనో తినొచ్చు. వంట అక్కను అడగకుండా రాసిన వ్యాసంలో రొట్టె ఉండేది, మూడో వారానికే ఆగిపోయేది.

రెండో ఆక్షేపణ రైతు నుంచి వస్తుంది. చుట్టూ పత్తి ఉన్నచోట ఒక్క చేలో జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. కాబట్టి మూడెకరాలూ మూడు దిక్కుల్లో కాక ఒకే చోట ఉండాలి. మంచె కాపలా కూలి కూడా ఖర్చులో రాయాలి. మూడోది అధికారి నుంచి: బియ్యం బడికి ఉచితంగా వస్తోంది, జొన్న డబ్బు ఎక్కడిది? వారానికొక రోజు చిరుధాన్యాలు పెట్టే వీలు చూడమని కేంద్రమే రాష్ట్రాలకు సూచించిందన్నది ఇక్కడ పనికొచ్చే ఆధారం. పస్తాపూర్ పత్రం చేసింది కూడా ఇదే, సర్కారు మాటనే పట్టుకుని అడగడం. ఆ సూచన మీద జిల్లాలో ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు కాగితం చేతికొచ్చాక వ్యాసం రాయడం, రాకముందు రాయడం ఒకటి కాదు.

నాలుగో ఆక్షేపణ పిల్లలదే: రుచి నచ్చకపోతే? దీనికి వాదన లేదు. ఒక శనివారం పది కిలోల రవ్వ తెచ్చి వండి చూడటమే. ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది అని పలక మీద రాసుకుంటే ఆ అంకె వ్యాసంలో అన్నిటికంటే బలమైన వాక్యం అవుతుంది. జహీరాబాద్ సంఘాలు పడావు భూమిలో చేసిందీ, మాచ్‌నూర్ అమ్మాయిలు క్యాసెట్లతో చేసిందీ ఈ శనివారం పనే.

భాష గురించి ఒక మాట. ఒప్పించే రాతలో "అత్యంత దారుణమైన", "తక్షణమే", "యుద్ధప్రాతిపదికన" లాంటి మాటలు ఎంత ఎక్కువైతే అంత నమ్మకం పోతుంది. ఊరి మాట ఉన్నచోట దాన్నే వాడాలి. యాసంగిలో నీళ్లు కట్టకుండా, నేల చెమ్మకూ మంచుకూ పండే పంటలను ఇక్కడి సంఘం ఆడవాళ్లు "సత్యం పంటలు" అంటారు. వ్యవసాయ శాస్త్రం పేజీ పట్టి వివరించే సంగతిని ఆ రెండు మాటలు మోస్తున్నాయి. వ్యాసంలో అవి అలాగే రావాలి, ప్రమాణభాషలోకి దిద్దకుండా.

ఎవరికి రాస్తున్నామో కూడా తేల్చుకోవాలి. ఇదే ప్రతిపాదన గ్రామసభలో చదివితే మూడెకరాలు, పిట్టల కాపలా ముందుకు రావాలి. అక్కడ కూర్చున్నది రైతులు. బడి కమిటీ తల్లుల ముందు చదివితే ఇనుము లెక్క, శనివారం వంట ముందుకు రావాలి. మండల విద్యాధికారికి పంపితే 36,990 మొదటి పేరాలోనే ఉండాలి, కేంద్రం సూచన నకలు వెనక జతచేయాలి.

ఇక తేదీ. యాసంగి జొన్న విత్తేది సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు దాకా. శివరాత్రి అటూ ఇటూగా కోతకు వస్తుంది, జూన్‌లో బడి తెరిచేనాటికి గింజ గాదెలో ఉంటుంది. కాబట్టి మూడెకరాల రైతులతో మాట ఆగస్టులోనే కుదరాలి. శనివారం వంట జులైలో అయిపోవాలి. సమాచార దరఖాస్తు అంతకంటే ముందు, జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారంలోనే జిల్లా విద్యాధికారి కార్యాలయంలో పడాలి.